మగ్గం గుంతలో పాదాలు

మా జేజి పోయిందని డోన్ స్టేషన్లో పనిలో ఉండగా తంతి అందింది. రాజంపేట దగ్గర మా ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ముఖం చూడలేకపోయాను. ఆ దుఃఖం అట్లా ఉంచి, ఆమె గురించి నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి మీకు చెప్పాలి.

జేజి అంటే మా నాయన తల్లి. మా అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్లు నిండలేదు. జేజే పెంచింది.

ఆమె పని పడుగు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే, వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే పురిపెట్టి కలిపేది. "అతుకు యేలికి తగలాల గానీ కంటికి కనపడగూడదప్పా" అనేది. నేను కళ్లు చిట్లించుకుని వెతికేవాణ్ని. దొరకలేదంటే ఆమెకు ఎంత సంబరమో!

అమ్మ గురించి నాకున్న జ్ఞాపకం ఒక్కటే. మగ్గం పక్కన బోర్లా పడుకుని, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలోకి చూస్తున్నాను. లోపల పసుపు రాసిన రెండు పాదాలు, వాటికి చేప మట్టెలు. చెక్కలను ఎడమా కుడీ తొక్కుతున్నాయి. అంతే, ముఖం లేదు. ఆ పాదాలే మా అమ్మ.

దీన్ని జేజి నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో! "ఇంగోతూరి చెప్పు నాయనా. మట్టెలు ఎట్లుండేటివి?" అనేది. చెప్పేవాణ్ని. "అవునప్పా, మీయమ్మే" అని తల ఆడించి మళ్లీ పోగులు అందుకునేది. నిజం చెప్పొద్దూ, మీసాలు వచ్చాక కూడా ఆ మాట కోసమే చెప్పేవాణ్ని.

దినాలయ్యాక మా మేనత్త జేజి పెట్టె తెరిచింది. గుడ్డ మూటలో చేప మట్టెలు! చటుక్కున అందుకున్నాను.

"అత్తా, ఇవి మా అమ్మవి!"

"మీయమ్మవి యాడివప్పా? మాయమ్మవే. మా నాయన పోయిన దినం తీసి దాచిపెట్న్యాది. నీకప్పుడు మూడేండ్లు."

"మా అమ్మ మగ్గం నేస్తుంటే నేను చూసినాను కదత్తా."

అత్త నన్ను వింతగా చూసింది. "మీయమ్మ గుంతలోకి దిగిందే ల్యా. కండెలకు నూలు చుట్టేది. మా నాయనకు చెయ్యి పడిపోయినాక నేసింది మాయమ్మే. నువ్వు పసిపిల్లోడివి, పొద్దస్తమానం ఆ గుంత కాడే పడి ఉంటివి."

జేజి మీద పట్టరాని కోపం వచ్చింది. ఉన్న ఒక్క అమ్మనూ తీసుకుపోయింది. కోపం తగ్గాక ఆలోచన పట్టుకుంది. "అవి నా కాళ్లురా" అని ఒక్కసారైనా ఎందుకు అనలేదు? మట్టెల సంగతి అడిగి అడిగి చెప్పించుకున్నప్పుడు ఆమెకు ఏమనిపించేదో? నా చిన్నతనంలో ఇంకా ఏవేవి ఇట్లా అతికి పెట్టిందో? ఎంత వెతికినా తెలియడం లేదు.

మట్టెలు అత్త నాకే ఇచ్చింది. వాటిని పిడికిట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాను. గుంతలో పాదాలు అవే, ఎడమా కుడీ. ఈసారి తల ఎత్తితే పైన ముఖం కూడా ఉంది. నేనెన్నడూ ఎరగని ఎర్రటి బొట్టు పెట్టుకుని, జేజి నన్నే చూస్తోంది.