తొట్టి దగ్గర తీసిన ఫొటో

జ్ఞానమణిది ధైర్యం అనుకుంటే పొరపాటే. పాలకొల్లు నుంచి సౌదీలోని బురైదా ఆసుపత్రికి నర్సుగా వచ్చిన ఆ మనిషికి బల్లిని చూసినా గుండె జారుతుంది. అయినా చేతిసంచిలో బైబిలు కింద కెమెరా లేనిదే గడప దాటేది కాదు. 1991లో గల్ఫ్ యుద్ధం నడుస్తుండగా నర్సులను బస్సులో సరిహద్దు దగ్గరున్న హఫర్ అల్ బాతిన్‌కు పంపినప్పుడూ అంతే, కిటికీ తెర సందులోంచి ఫొటోలు తీస్తూ కూర్చుంది. యజమాని ముందు సీట్లో వెచ్చగా, కూలివాడు వెనక చలిగాలిలో గొర్రెల మధ్య ముడుచుకుని పోతున్న బండి కనబడితే ఆమెకు ఒళ్ళు మండేది. మండినప్పుడల్లా ఒకటి నొక్కేది.

"సిస్టర్, ఫోటో మనా హై. పకడే గయే తో ఖురూజ్!" అని డ్రైవరు అబ్దుల్ ఘనీ అద్దంలోంచి గుడ్లురిమాడు. ఫొటోలు తీయకూడదు, పట్టుబడితే ఖురూజేనని. ఖురూజ్ అంటే ఉద్యోగం ఊడి ఇంటి విమానం ఎక్కడమే. పైగా అది మిలిటరీ తిరిగే దారి.

పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగింది. పక్కనే సిమెంటు తొట్టిలో గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయి. వాటి మధ్యే ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి, తొట్టిలో మూతి పెట్టి తాగుతున్నాడు. అవతల అతని యజమాని కొత్త కారు, వెనక సీటు నిండా నీళ్ళ సీసాలు. జ్ఞానమణి నొక్కింది. అతను తలెత్తి చూశాడు.

"అయ్య బాబోయ్, చూసేశాడే!" అని ఆమె అన్న మాట చెవిన పడగానే కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"తెలుగోళ్ళా సిస్టరమ్మా? నా పేరు ఫక్రుద్దీన్, మాది రాయచోటి పక్క. బాంబు పడి నేను సచ్చిపోయినానని ఊర్లో ఎవురో చెప్పినారంట. మా ఆడామె మహబూబ్బీ నల్లపూసలు తీసేసి, మొగుడు పోయినదాని మాదిరి ఇల్లు కదలకుండా ఇద్దత్‌లో కూర్చునింది. జాబు రాపిచ్చినా నమ్మలేదు, వేరేవాళ్ళ రాత గదా! నా ఫొటో ఒకటి పంపిచ్చు తల్లీ."

"ఇప్పుడు తీసింది ఉందండి, పంపెయ్యనా?"

"అది వద్దు! నీకు దండం పెడతా, అది మాత్రం ఇంటికి పోగూడదు."

మొహం తుడుచుకుని, కారు మీద చెయ్యి ఆనించి, సొంతదారులా నిలబడ్డాడు. ఎవడి కారు, ఎవడి దర్జా అని జ్ఞానమణికి చిరాకేసింది. అయినా నొక్కింది. అడ్రసు అరచేతిలో రాసుకోవడం పూర్తవుతూనే బస్సు కదిలింది.

చెక్‌పోస్టులో సైనికుడు ఎక్కాడు. అద్దంలో అబ్దుల్ ఘనీ ఆమెనే చూస్తున్నాడు. అతను ఒక్క మాట అంటే చాలు, అన్నీ అయిపోయినట్టే. అనలేదు. సైనికుడు సంచి వెతికాడు, కెమెరా తీశాడు, వెనక మూత తెరిచాడు. ఖాళీ. రీలు అప్పటికే జ్ఞానమణి కొప్పులో, తలగుడ్డ కింద ఉంది. ఆడమనిషి తలగుడ్డ ముట్టుకునే సాహసం అక్కడ ఏ సైనికుడూ చెయ్యడు. అతను దిగిపోయాడు.

బురైదా తిరిగొచ్చాక ఎక్స్‌రే గదిలో పనిచేసే స్టాన్లీ ఆ రీలు కడిగిపెట్టాడు. రెండో ఫొటోకి రీలు చివర సగం ముక్కే మిగిలిందట. అందులో కారు పడింది, మనిషి పడలేదు. ఫక్రుద్దీన్ ఉన్నది ఒక్క తొట్టి ఫొటోలోనే.

జ్ఞానమణికి ఏడుపొచ్చింది. పంపితే మాట తప్పినట్టు. పంపకపోతే బతికున్నవాణ్ణి చంపినట్టు. అడుగుదామంటే ఏ ఎడారిలోనని వెతకాలి? చివరికి కళ్ళు మూసుకుని పోస్టు చేసింది.

ఎండాకాలంలో యజమాని తల్లిని తీసుకుని ఫక్రుద్దీన్ ఆసుపత్రికి వచ్చాడు. గేటు దగ్గర అతనే జ్ఞానమణిని ముందు గుర్తుపట్టాడు.

"అదే పంపినావు గదా సిస్టరమ్మా."

"తప్పైపోయిందండి. రెండోది పడలేదు."

"మహబూబ్బీ మళ్ళా నల్లపూసలు ఏసుకునింది. నేను బతికుండానని తెలిసింది." అతను తల వంచుకున్నాడు. "ఎట్ల బతికుండానో గూడా తెలిసిపాయె. బిడ్డకు నీళ్ళిచ్చినప్పుడల్లా ఏడుస్తాందంట."

అతను అంగీ సర్దుకుని గోడ దగ్గరికి జరిగాడు.

"ఇంగొకటి తీయి తల్లీ. కారూ గీరూ వద్దు. ఊరికే నవ్వతా నిలబడతా."

జ్ఞానమణి సంచిలోంచి కెమెరా తీసి, ముందు రీలు ఎంత మిగిలిందో చూసుకుంది.