అడ్మిరల్ పెంగెల్లీ తుఫాను భయం

అడ్మిరల్ పెంగెల్లీకి తుఫానంటే చచ్చేంత భయం. గాలివాన కబురు చెప్పే బారోమీటర్ అద్దాన్ని గంటకోసారి వేలితో టకటకా కొట్టి, "వస్తోందయ్యా, వస్తోంది!" అనకపోతే ఆయనకు ముద్ద దిగదు. మాల్టాలో బండ మీద రొట్టె కాలే ఎండలో రెండు రోజులు ఓడ ఆపి, అందరికీ వానకోట్లు తొడిగించాడు. "ముప్పైనాలుగేళ్ల కొలువులో ఒక్క ఓడనూ ముంచలేదు మహానుభావుడు. రేవు దాటితే కదా మునగడానికి!" అని నావికులు నవ్వుకునేవాళ్లు.

ఆయన సహాయకుడు లెఫ్టినెంట్ లోథర్‌కు మాత్రం ఆ గురువారం నవ్వు రాలేదు. ప్లిమత్ రేవు నుంచి పదింటికి ఓడ కదలాలి. వంటవాడు హాబ్లీ పత్తా లేడు. భార్యకు నొప్పులొస్తున్నాయని కాళ్లావేళ్లా పడితే, ఎనిమిదికల్లా వచ్చెయ్యమని గుట్టుగా ఊళ్లో ఆస్పత్రికి పంపింది లోథరే. వాడు రాకుండా ఓడ వెళ్లిపోతే వాడికి జైలు, తన ఉద్యోగానికి నీళ్లు.

"ఏమయ్యా, మొహం అలా పాలిపోయిందేం?" అన్నాడు అడ్మిరల్.

"కడుపులో కాస్త తేడాగా ఉంది సార్."

"గాలి మారుతోంది. చెప్పానా! హాబ్లీ ఏడీ, టీ తేలేదు?"

"కింద... ఉల్లిపాయలు తరుగుతున్నాడు సార్."

"పొద్దుట్నుంచీనా? ఎన్ని బస్తాలు?"



పదికి అయిదు నిమిషాలుండగా ఓడ కెప్టెన్ ర్యాడ్లీ వచ్చాడు. "తాళ్లు విప్పించమంటారా సార్?"

అడ్మిరల్ అద్దం మీద టకటకా కొట్టాడు.

"తుఫాను. ఆగండి."

"ఆకాశంలో మబ్బుతునక లేదు సార్!"

"అలా ఉన్నప్పుడే వస్తుంది."

"పదకొండు దాటితే సముద్రం పోటు తగ్గిపోతుంది. ఇవాళ్టికిక కదల్లేం. లండన్‌లో పైవాళ్లకి ఏమని చెప్పను?"

"పెంగెల్లీకి పిచ్చి ముదిరిందని చెప్పు. వాళ్లకదేం కొత్త కాదు."

ర్యాడ్లీ తల పట్టుకుని వెళ్లాడు. అడ్మిరల్ దుర్భిణి కంటికి ఆనించుకున్నాడు. పదిన్నర అయింది. పదీ ముప్పావు అయింది. లోథర్ పక్కకొచ్చి చూశాడు. దుర్భిణి ఆకాశం వైపు లేదు, కొండ మీది ఆస్పత్రి రోడ్డు వైపు ఉంది.

"సార్... మీకు తెలుసా?"

"ఘాటు లేని ఉల్లిపాయలు నువ్వెక్కడైనా చూశావా? వాడి భార్యకు నెలలు నిండాయని నాకు తెలీదా? నోర్మూసుకుని రోడ్డు చూడు."

"మరి మాల్టాలో రెండు రోజులు?"

"కవలలయ్యా."

పదకొండుకు ఆరు నిమిషాలుండగా హాబ్లీ కొండ దిగి పరుగెత్తుకొచ్చాడు. ఓడెక్కి, ఎదురుగా అడ్మిరల్‌ను చూసి కొయ్యబారిపోయాడు.

"క్షమించండి సార్, నేను..."

"అది తర్వాత. ఇద్దరూ క్షేమమేనా?"

"క్షేమం సార్. ఆడపిల్ల."

లోథర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. అడ్మిరల్ గిర్రున తిరిగి గర్జించాడు.

"ర్యాడ్లీ! ఇంత చక్కటి ఎండ పెట్టుకుని ఇంకా కదలరేమయ్యా?"