బావగారి ఆఖరి నాటకం

మొన్న చిక్కడపల్లిలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల నడుమ మా బావగారి ఫొటో కనిపించింది. మావారి అన్నగారు, పోయి చాలా ఏళ్లయింది. 'పద్యనాటకాన్ని పామరుల చెంతకు చేర్చిన మహనీయుడు' అని రాసి, సంస్మరణ సభ అన్నారు. పామరులన్న మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

ఆయన నాటకాలు ఆడించింది అశోక్‌నగర్ వెనక బస్తీల్లో, పాలమూరు నుంచి వచ్చి ఇళ్లు కట్టే కూలీల మధ్య. పద్యం అవగానే జనం వన్స్‌మోర్ అంటారు కదా! బావగారి దగ్గర మాత్రం ముందు హార్మోనియం ఆగాలి, పద్యంలో సంగతి మామూలు మాటల్లో చెప్పాలి, ఆ తర్వాతే వన్స్‌మోర్. చెప్పే పని నాది. బడి ముఖం చూడనిదాన్ని. మా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న పద్యాలే నా చదువు. "నువ్వే చెప్పమ్మా. పంతుళ్లు చెబితే అదింకో నాటకమైతది" అనేవారు బావగారు. నేను తెర పక్కన నిలబడి, "రాజ్యం పోతే పోనీ, ఇచ్చిన మాట పోతే ఇగ నేనెందుకు అంటుండు రాజు" అనగానే, ముందు కూర్చున్న ఇటుకలు మోసే ఆవిడ "గట్లనే అనాలె! ఇంగోపారి పాడు రాజా!" అని అరిచేది. మీసం సగం ఊడినా సరే, రాజు పాడేవాడు. ఆ భాగ్యం ఇచ్చినందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

బావగారికి ఒకటే కోరిక: వీళ్లందరినీ ఒక్కసారైనా నారాయణగూడలోని పెద్ద హాల్లో, మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టాలని. హాలు పెద్దలు ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. నడుమ ఆ మోటు మాటల వివరణ ఉండకూడదు, నాటకం మర్యాద పోతుందట. కొన్నాళ్లు ఆయనకు అన్నం సయించలేదు. చివరికి తలూపారు. "ఒక్కపారికే గదమ్మా" అన్నారు, నా ముఖం చూడకుండా.

వాళ్లు వచ్చారు, పెట్టెల్లో దాచిన చీరలు కట్టుకుని, పిల్లల తలలకు నూనె రాసి. పద్యాలు నడిచాయి. ఒక్క వన్స్‌మోర్ లేదు. తెర వెనక నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. విశ్రాంతి వేళ ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఇటుకలావిడ గుమ్మం దగ్గర బావగారికి దండం పెట్టి, "కుర్సీలు మంచిగున్నయ్ సారూ. గని ఈ ఆట మాది గాదు, పెద్దోళ్లది" అంది. ఆయన ఆ తర్వాత మరి తెర కట్టలేదు. బస్తీ నుంచి పిలుపొస్తే, "ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అని తలుపు వేసుకునేవారు.

నిన్న సభకు వెళ్లాను. ఆనాడు షరతు పెట్టిన పెద్దమనిషే అధ్యక్షుడు. తమ హాల్లో ఆడిందే బావగారి నాటకాల్లో గొప్పదన్నాడు. "బస్తీ జనం సైతం కిక్కురుమనకుండా చూశారు" అని చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేను మాత్రం ఒళ్లో జోడించుకున్న చేతులు విడదీయలేదు. మురిసి మౌనంగా ఉన్నవాళ్లూ, మనసు విరిగి మౌనంగా ఉన్నవాళ్లూ కాలానికి ఒక్కటే.