ఒళ్ళు జల్లుమన్న చోటు

మా పాపకు పియానో నేర్పిన టీచరమ్మ మొన్న కుప్పంలో కన్నుమూసింది. ఫోన్ వచ్చేసరికి మదనపల్లెలో మగ్గం ముందున్నాను. ఆ తల్లి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. చదివింది ఐదో తరగతి, తప్పులుంటే మన్నించండి.

ఈరోజు మా పాప లండన్‌లో, వియన్నాలో, జపాన్‌లో వాయిస్తుంది. హాలుకు హాలే లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. చర్చిలోని పాత పియానో ముందు ఆ బిడ్డను మొదట కూర్చోబెట్టింది టీచరమ్మే. "మగ్గం తొక్కేది పాప కాళ్ళకు తెలుసు గదప్పా, దీనికీ కింద తొక్కేవి ఉండాయి, ఇంగ చేతులేగా! అవి నాకొదులు" అంది. పాప తప్పు వాయిస్తే కొట్టేది కాదు. "ఇంకోసారి పలకరించమ్మా దాన్ని, అలిగినట్టుండాది" అనేది.

రిటైరై కుప్పంలో చెల్లెలి ఇంటికి చేరాక ఆమెకు చెవులు పూర్తిగా పోయాయి. పాపకు మాత్రం చెప్పనివ్వలేదు. "వినబడదని తెలిస్తే పాప కచేరీ వీడియోలు పంపేది మానేస్తాది అప్పా. అవి రాకుంటే నేనేం సూసుకొని బతికేది?" అంది.

నా ఫోన్‌కు వీడియో రాగానే పుంగనూరు మీదుగా బస్సెక్కి పోయేవాణ్ణి. ఫోన్ ఆమె వైపు పట్టుకుంటే ఆమె పాప వేళ్ళు చూసేది, నేను వినేవాణ్ణి. "యాడ ఒళ్ళు జల్లుమనె? యాడ బుద్ధి పక్కకు పోయె?" అని అడిగేది. నాకు సంగీతం ఏం తెలుసు? ఒకసారి నడిమి భాగం రాగానే ఆవులించి చూపించాను. పగలబడి నవ్వింది. "నీ యిల్లు బంగారంగానూ, కన్నతండ్రికే నిద్రొస్తే దొరలేం మేలుకుంటారప్పా!" అని, అక్కడ సాగదీయొద్దని పాపకు మెసేజీ పెట్టింది.

ఆమెను మట్టిలో పెట్టి కుప్పం బస్టాండుకు వచ్చి కూర్చున్నాను. జపాన్ నుంచి పాప ఫోన్. పొద్దున్నే కబురు చెప్పి ఉన్నాను. కాసేపట్లో అక్కడ కచేరీ.

"నాయనా, పోయినవారం పంపింది టీచరమ్మ వినిందా? ఏమనింది? ఆ మాట లేకుండా స్టేజీ ఎట్లెక్కేది?"

అది వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచే స్థితిలో లేదు. బాగుందనిందని చెప్పబోయాను. పోయిన మనిషి అనని మాటను అన్నట్టు చెప్పడానికి నోరు రాలేదు. చెవుల సంగతంతా చెప్పేశాను.

అంతమంది ముందు బిడ్డ చేతులు ఆడకపోతే? ఎంత పని చేశానురా దేవుడా అనిపించింది.

"అయితే ఇన్నేళ్ళూ వినింది నువ్వా నాయనా?"

"చెవులు నావి, బుద్ధి ఆమెది తల్లీ."

ఏడ్చిందో, నవ్విందో. ఎవరో పిలిచారు. "పెట్టేయొద్దు నాయనా, వింటాండు" అని ఫోన్ అక్కడే ఎక్కడో పెట్టి వెళ్ళింది. నేను స్పీకర్ పెట్టాను. చప్పట్లు వినిపించాయి, ఆగిపోయాయి. ఎంతకీ ఏమీ లేదు. కండక్టరు పలమనేరు, పుంగనూరు అని అరుస్తున్నాడు. అప్పుడు ఒక స్వరం పడింది, మెల్లగా. దాని వెనకే ఇంకొకటి.

తెర మీద బొమ్మ లేదు. అయినా నా చెయ్యి దానంతటదే, ఫోన్‌ను పక్కనున్న ఖాళీ సిమెంటు బల్ల వైపు తిప్పి పట్టుకుంది.