చింతపండుతో తోమిన రాగి పట్టీలు

భీమవరంలో రొయ్యల చెరువులకు కరెంటు బోర్డులు కట్టడం నా పని. రాగి విషయంలో నాకు కాస్త పొగరు, దాచుకోను. వెండి తరవాత కరెంటును అంత సులువుగా పోనిచ్చే లోహం రాగే. అదీ శుద్ధమైన రాగి అయితేనే. అందులో ఇంకేదైనా చిటికెడు కలిసినా దాని గుణం తగ్గుతుంది, బోర్డులో వేసే పట్టీ వేడెక్కుతుంది. కొట్టువాడు "మంచి రాగేనండి" అంటే నేను నమ్మను. వంచి చూస్తాను, గీకి చూస్తాను, అవసరమైతే తగవు పెట్టుకుంటాను.

మొగల్తూరు దగ్గర ఒక మాస్టారు ఉన్నారు. రిటైరయ్యాక చెరువు కౌలుకు తీసుకుని, చేతిలో ఉన్నదంతా రొయ్యల మీద పెట్టారు. నీళ్లను చిలికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. వాటన్నిటికీ కరెంటు పంచేది గట్టు మీది షెడ్డులో నేను కట్టిన బోర్డు. జనరేటరు ఉంది గానీ, దాని కరెంటూ ఆ బోర్డులోని మూడు రాగి పట్టీల మీదుగానే పోవాలి.

ఒక పంట అయ్యాక చూస్తే ఆ పట్టీలు నల్లబడ్డాయి. విప్పి ఇంటికి తెచ్చాను. గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి బిగించడం పద్ధతి. అరుగు మీద కూర్చుని రుద్దుతుంటే మా అమ్మ చూసింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! రాగిని అలా గీకుతారేంట్రా? ఇలా ఇవ్వు."

చింతపండు, ఉప్పు పెట్టి బిందెలు తోమినట్టే తోమింది. పది నిమిషాల్లో తళతళలాడాయి. నేను పైపైన కడిగి, తుడిచి, సంచిలో వేసుకున్నాను. బోల్టు కన్నాల్లో పులుపూ ఉప్పూ మిగిలిపోతాయని, అవి లోపల్లోపల రాగిని తింటాయని నాకు తట్టలేదు. ఇరవయ్యేళ్ల అనుభవం ఆ పూట ఎటు పోయిందో!

మర్నాడు వాటిని బిగిస్తూ మాస్టారి ముందు గొప్పలు కూడా పోయాను. "మా అమ్మ చింతపండుతో తోమిందండి. కొన్న రోజున కూడా ఇంత మెరుపు లేదు." మాస్టారి భార్య తొంగి చూసి నవ్వారు. "అచ్చం మా రాగి చెంబులా ఉన్నాయండి."

మళ్లీ పంట వేసిన రెండో నెలలో, మబ్బు పట్టిన ఒక ఉదయం మాస్టారు ఫోన్ చేశారు. "ఏరేటర్లు ఆగిపోయాయండి. జనరేటరు వేసినా తిరగట్లేదు. రొయ్యలు పైకి తేలుతున్నాయండి, తొందరగా రండి."

వెళ్లి బోర్డు తెరిచాను. పట్టీలు పైకి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, దాని పక్కన కాలిపోయిన వైరు. కొత్త పట్టీలు వేసి గంటలో ఏరేటర్లు తిప్పాను. అప్పటికే గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు. సగం పంట పోయింది.

"ఏంటండి ఇది? మీరు వేసింది మంచి రాగే కదండీ?" అన్నారు మాస్టారు.

రాగి మంచిదే. చిలుము బోల్టుల కింద మాత్రమే ఎందుకు పట్టిందో చూడగానే అర్థమైంది. అయినా నోరు వేరే మాట అంది. "ఉప్పుగాలండి మాస్టారూ. సముద్రం పక్కన రాగికి ఇది తప్పదు."

ఆయన తలూపారు. "దేవుడి చిత్తం" అన్నారు. నాకు సిగ్గేసింది. అయినా సామాను సర్దుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాను, కొత్త పట్టీలు చూసే నెపంతో. నిజం చెప్పాలనే వెళ్లాననుకుంటాను గానీ, కాఫీ తాగుతూ అరగంట వాతావరణం గురించే మాట్లాడాను. చివరికి మాస్టారే అన్నారు.

"ఉప్పుగాలి సంగతి మా తమ్ముడికి కూడా చెప్పానండి. వాడి చెరువు బోర్డులో పట్టీలూ నల్లబడే ఉన్నాయి. మా ఆవిడ వెళ్లి, మీ అమ్మగారిలాగే చింతపండు, ఉప్పు పెట్టి తోమి ఇచ్చింది. నిన్ననే బిగించుకున్నాడు. గాలికి పట్టిందంతా పోయింది, ఇక వాడికి భయం లేదు."

గ్లాసు కింద పెట్టాను.

"ఆ పట్టీలు ఇప్పుడే విప్పించాలండి. చిలుము పట్టింది గాలికి కాదు, ఆ చింతపండుకీ ఉప్పుకీ. ఆ రోజే నాకు తెలిసింది. మీకు అబద్ధం చెప్పాను."

మాస్టారు నా మొహంలోకి ఒక్కసారి చూశారు. చెప్పులు వేసుకుని, "పదండి, ముందు వాడి చెరువు దగ్గరికి" అన్నారు.

బండి తీశాను. కాలవ గట్టు దారి, అన్నీ గుంతలే. ఎప్పుడు నా బండెక్కినా భుజం మీద చెయ్యి వేసి కూర్చునే మనిషి, ఆ రోజు దారి పొడుగునా వెనకాల కమ్మీ పట్టుకునే కూర్చున్నారు.