కప్పడానికి కొన్న కడ్డీ

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైన బుధవారం మధ్యాహ్నం, పులికాట్ సరస్సు పక్క మలుపులో మా చిన్న కారు మొదటిసారి మూలిగింది. ఎడమ చక్రం పైన ఎక్కడో టక్కుమంది, ఆ వెంటనే చప్పుడు సన్నగా సాగింది. నా పక్కన నా భార్య, వెనక సీట్లో మా చర్చి స్త్రీల సమాజంలో పెద్దవాళ్లు ముగ్గురు ఉన్నారు. వాళ్లు పాట పాడుతున్నారు. చప్పుడు విని గొంతు కొంచెం పెంచారు.

నేను సూళ్లూరుపేటలో బడిపంతులును, మా సంఘంలో పెద్దను. శ్రమకాలంలో ప్రతి బుధవారం సరస్సు అవతలి పల్లెలో ఒకరి ఇంట్లో ప్రార్థన, గృహకూటం ఉంటుంది. ఆ వేళకు బస్సు లేదు. కాబట్టి ఈ ముగ్గురినీ తీసుకువెళ్లి తీసుకురావడం నా సేవ.

ఆ చప్పుడు గురించి నేనెవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. అంతకుముందు వానాకాలంలో వాయుగుండం పట్టినప్పుడు అదే రోడ్డు మీదికి ఉప్పునీళ్లు పొంగాయి. వెనక్కి తిప్పే చోటు లేక నీళ్లలోకే పోనిచ్చాను. కారు పక్కకు జారి, గట్టు అంచున ఒక చక్రం గాలిలో ఉండగా ఆగింది. లోపల ఇదే ఐదుగురం. ఆ ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు మమ్మల్ని కాపాడాడని చెప్పాను. ఈ బండి ఆయన చేతిలో ఉంది, ఇందులో కూర్చున్నవాళ్లకు ఏ అపాయమూ రాదని కూడా చెప్పాను. మొదటిది నిజం. రెండోది ఆయన నాకు చెప్పలేదు, నేనే కలిపాను. సంఘమంతా ఆమెన్ అంది.

చప్పుడు పోవడానికి ఫోన్‌లో వెతికితే స్ట్రట్ బార్ అని ఒకటుందని తెలిసింది. బానెట్ ఎత్తితే ఇంజనుకు అటూ ఇటూ రెండు ఇనుప టవర్లు కనిపిస్తాయి. ముందు చక్రాల షాక్ అబ్జర్బర్లు కింది నుంచి వచ్చి వాటికే బిగుసుకుంటాయి. ఆ రెండు టవర్లూ ఊగకుండా అడ్డంగా కలిపే కడ్డీయే ఇది. నాలుగు రోజులు అదే పనిగా చదివాను. అల్యూమినియంది తేలిక, తుప్పు పట్టదు గానీ కొసల్లో కీళ్లుంటాయి, అక్కడ కదులుతుంది. నడుమ మరతో పొడవు సరిచేసుకునేది ఇంకో రకం. ఒకే ముక్కగా చేసిన ఉక్కుది బరువు గానీ బిగువు ఎక్కువ. ఏది కొనాలో అడుగుదామని హైవే పక్కన షెడ్డులో మాకు అలవాటైన మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

అతను అంతా విన్నాడు. బానెట్ ఎత్తి, కాసేపు చూసి, "కడ్డీ సంగతి తర్వాత సార్. దాన్ని దేనికి బిగించేది?" అన్నాడు.

స్క్రూడ్రైవర్ తీసుకుని ఎడమ టవర్ అంచున నల్లపూత మీద పొడిచాడు. పూత బొబ్బలా పగిలింది. మొన లోపలికి దిగిపోయింది. దాన్ని అట్లాగే గుచ్చి ఉంచి నా వైపు చూశాడు.

"ఉప్పునీళ్లు తాగినాది సార్ ఇది. ఇదంతా కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చెయ్యాల. మూడు వారాలు పడతాది. అందాకా దీంట్లో మనుషుల్ని ఎక్కించబాకండి."

మూడు వారాలంటే మూడు బుధవారాలు. ఎందుకు రావడం లేదని వాళ్లు అడుగుతారు. సాక్ష్యం చెప్పిన బండి లోపల కుళ్లిందని చెప్పాలి. చూద్దాంలే అని అతనితో అని వచ్చేశాను.

మర్నాడు తడ వెళ్లాను. అక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రకారు తమ కార్లకు హంగులు చేయించుకునే దుకాణం ఒకటుంది. దుకాణదారు నా కారు వెనక అద్దం మీది బైబిలు వాక్యం చదివి, రేసులకు పోతారా సార్ అని అడిగాడు. ప్రార్థనలకని చెప్పాను. "ప్రార్థనకు మెల్లగా పోయినా దేవుడు ఉంటాడు గదా సార్, ఇదెందుకు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మూడు రకాలూ బల్ల మీద పరిచాడు. నాలుగు రోజులు చదివిన చదువు అక్కడ నాకు దేనికీ పనికిరాలేదు. బరువు చూడలేదు, బిగువు చూడలేదు. టవర్ మీద కూర్చునే ప్లేట్లు దేనికి వెడల్పుగా ఉన్నాయో అది చూశాను. ఎర్రరంగు వేసిన ఉక్కు కడ్డీకి ఉన్నాయి. అతను కింద ఏముందో చూడకుండానే అరగంటలో బిగించేశాడు. స్క్రూడ్రైవర్ చేసిన కన్నం ప్లేటు కిందికి పోయింది.

చప్పుడు ఆగిపోయింది. పై బుధవారం ఆ ముగ్గురూ బానెట్ మీద చేతులుంచి స్తుతి చెల్లించారు. మెకానిక్ ఏమన్నాడని నా భార్య అడిగింది. బార్ వేస్తే చాలన్నాడని అబద్ధం చెప్పాను.

ఆ నిశ్శబ్దం మూలుగు కంటే పాడుగా ఉండేది. గతుకు వచ్చిన ప్రతిసారీ చెవి అటే పోయేది. కారు కొద్దికొద్దిగా ఎడమకు లాగేది, నేను స్టీరింగు కొద్దికొద్దిగా కుడికి పట్టేవాణ్ణి. ఉదయం కారు తీశాక పోర్టికో గచ్చు మీద, ఎడమ చక్రం నిలిచిన చోట గోధుమరంగు పొలుసులు రాలి ఉండేవి. నా భార్య లేవకముందే ఊడ్చేసేవాణ్ణి. ఆ రెండో బుధవారమే కూటంలో వాక్యం చెప్పే వంతు నాది. మట్టిగోడకు సున్నం పూసి, క్షేమం లేకున్నా క్షేమమని చెప్పిన అబద్ధ ప్రవక్తల భాగం వచ్చింది. చదివాను, వివరించాను, బాగా చెప్పావన్నారు.

మూడో బుధవారం అందరూ ఎక్కి కూర్చున్నారు. పాట మొదలుపెట్టారు. అద్దాలు తుడిచే నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తాను. కుడి ప్లేటు సమంగా ఉంది. ఎడమ ప్లేటు ఏటవాలుగా కిందికి కుంగింది. దాని అంచు వెంబడి రేకు చినిగి నోరు తెరిచి ఉంది.

బానెట్ అడ్డంగా ఉండటం వల్ల నేను వాళ్లకు కనబడను. పాట మాత్రం వినబడుతోంది. పోయినవారం వెళ్లివచ్చాం గదా, ఇంకొక్కసారి అనుకున్నాను. అలా అనుకున్న మాట నిజం. వాళ్లు రెండో చరణం ఎత్తుకున్నారు.

వెళ్లి వెనక తలుపు తీశాను. దిగండమ్మా అన్నాను. ఏమైందని అడిగితే కన్నం సంగతి, మెకానిక్ అన్న మాట, నేను చెప్పిన అబద్ధం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. నా భార్య తల తిప్పకుండా ముందుకే చూస్తూ కూర్చుంది. ముగ్గురిలో పెద్దామె అంది.

"ఆ చప్పుడు మాకూ వినపడినాది నాయనా. భయమేసినాది. నువ్వు సంఘంలో నిలబడి చెప్పినావు గదా. నీ మాట నమ్మకపోతే దేవుణ్ణి నమ్మనట్టే అవతాదని ఎక్కినాం."

మర్నాడు కారును లారీ మీద ఎక్కించి షెడ్డుకు తీసుకుపోయారు. మెకానిక్ నట్లు విప్పి కడ్డీ పైకి లాగితే, టవర్ పైభాగం చాలా వరకు ప్లేటుతో పాటే ఊడి వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నిన్న ఎంతమంది ఎక్కినారని అడిగాడు. ఎక్కినవాళ్లను దింపేశానన్నాను.

"మరి పోయిన వారం?"

ఐదుగురమని చెప్పాను. అతను ఆ ముక్కను నేల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, వానాకాలంలో నేను కలిపిన మాటను వెనక్కి తీసుకున్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమెన్ అని ఎవరూ అనలేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు.

ఆరాధన అయ్యాక బయటికి వస్తే, గుడి ఆవరణలో మూడు కార్ల బానెట్లు ఎత్తి ఉన్నాయి. వానాకాలం ఆ ఉప్పునీళ్లలో మావాళ్ల బండ్లు ఇంకా కొన్ని తిరిగాయి. సంఘంలో నా కంటే పెద్దాయన ఒకరు తన కారు దగ్గరికి నన్ను పిలిచి, ఎడమ టవర్ కింద చూపించి, ఇది మట్టేనా అని అడిగారు. ఎండలో వంగి వేలితో రుద్దాను. పైది మట్టే. ఇంకొంచెం గట్టిగా రుద్దితే పూత లేచి వేలికి అంటుకుంది.