సింహాద్రి మేడమ్ చేయించిన ఫోన్లు

నిన్న మధ్యాహ్నం సింగపూర్‌లో, మా బిషాన్ గ్రంథాలయంలో ఎవరో పొడవైన పత్రమొకటి ప్రింటు తీసుకుంటున్నారు. వేడి కాగితం వాసన నా బల్ల దాకా వచ్చింది. చదువుతున్నది పక్కన పెట్టాను. నా మొదటి ఉద్యోగంలో సింహాద్రి మేడమ్ గదిలో ఎప్పుడూ అదే వాసన ఉండేది. నేను రాసినదేదీ ఆమె కంప్యూటర్‌లో చదివేవారు కాదు. ప్రింటు తీయించి, ఎదురుగా కూర్చోబెట్టి, నాచేతే పైకి చదివించేవారు.

ఆమె మలేషియాలో పుట్టిన తెలుగావిడ. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వచ్చిన కుటుంబం. ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి, విదేశీ వ్యవహారాలను పరిశీలించే ఒక చిన్న సంస్థలో ఐరోపా విభాగాన్ని నడిపేవారు. అనంతపురం నుంచి వచ్చి నేను ఆమె కింద చేరాను. అందరి ముందూ ఇంగ్లీషే. తలుపు వేయగానే తెలుగు, అందులో అక్కడక్కడా మలయ్ మాటలు. “మకాన్ అయిందా?” అని అడిగి, భోంచేశానని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టేవారు.

ఆ ఏడు అమెరికా అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఐరోపా తన రక్షణ తనే చూసుకోవాలని ప్రచారమంతా చెప్పినాయనే గెలిచాడని మాకు మధ్యాహ్నానికి తెలిసింది. సాయంత్రంలోగా మా చందాదారులకు ఒక విశ్లేషణ వెళ్లాలని డైరెక్టర్ కబురు పంపారు. నేను గంటలో రాసేశాను. అమెరికాకూ ఐరోపాకూ మధ్య బంధం తెగిపోయిందన్నది మొదటి వాక్యం. అది చదవగానే మేడమ్ చేయెత్తి ఆపారు.

“ఇది నీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలేదు మేడమ్. చూస్తే తెలుస్తాంది కదా.”

“అక్కడ ఇప్పుడే తెల్లారింది. ఫోన్ చేసి అడుగు. తెగిందో లేదో ఆళ్లకి కదా తెలిసేది.”

చేశాను. జర్మనీలో యంత్రభాగాలు తయారుచేసే ఒకాయన, తాము అమెరికాలోనే ఇంకో ఫ్యాక్టరీ పెట్టాలేమో అన్నాడు. ఫ్రాన్స్‌లో ఒక ఆచార్యుడు, ఇకనైనా మా కాళ్ల మీద మేం నిలబడతాం అంటూ దాదాపు సంతోషపడ్డాడు. పోలెండ్‌లో ఎవా అనే రిటైర్డ్ అధికారిణి మాత్రం చాలాసేపు మాట్లాడారు. సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు ఆమెది. అమెరికా మాట మీద ఇకముందు ఎంతవరకూ ఆధారపడగలమో తెలియడం లేదన్నారు. ఫలితం ఒకటే, విన్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో వైపు చూస్తున్నారు. నా మొదటి వాక్యం కొట్టేశాను.

కానీ తొందరలో ఇంకో తప్పు చేశాను. పోలెండ్ అమెరికాను వదిలి వేరే దారి చూసుకుంటోందని, అక్కడి మాజీ అధికారిణి ఒకరు చెప్పారని రాశాను. చివరి ప్రతి మేడమ్‌కు చూపించకుండానే డైరెక్టర్‌కు పంపేశాను. వారం తిరక్కుండా ఎవా నుంచి ఉత్తరం వచ్చింది. పేరు లేకపోయినా ఆమెను తెలిసినవాళ్లు గుర్తుపట్టారట.

ఆ నెలలోనే, నేను ఇక్కడ ఉద్యోగం చేయడానికి కావలసిన వర్క్ పాస్ పొడిగింపు డైరెక్టర్ సంతకం కోసం ఆగి ఉంది. మేడమ్ ఉత్తరం రెండుసార్లు చదివారు.

“డైరెక్టర్‌కి నేను చెప్తాను. ఈ విభాగం నాది, బాధ్యతా నాదే. ఆవిడకి మాత్రం నువ్వే చెప్పాలి, సునీతా.”

ఫోన్ నా ముందుకు జరిపి, బయటికి వెళ్లి తలుపు వేశారు. నేను క్షమాపణ చెప్పాను. ఎవా కోప్పడలేదు. “భయంగా ఉందన్నాను. వెళ్లిపోతున్నామని అనలేదు. నా భయాన్ని నువ్వు మా దేశం నిర్ణయంగా రాశావు,” అన్నారు. సవరణ పంపుతామని చెప్పాను.

నా పాస్ పొడిగించారు. మా వార్షిక సదస్సులో ఏటా మేడమే చేసే ప్రధాన ప్రసంగం మాత్రం ఆ ఏడు ఆమె పేరు మీద లేదు. కార్యక్రమ పత్రం చేతికొచ్చాకే ఆ సంగతి నాకు తెలిసింది. ఆమె చివరి వరుసలో కూర్చుని శ్రద్ధగా రాసుకుంటున్నారు. విరామంలో వెళ్లి, “నా వల్లే కదా మేడమ్,” అన్నాను. “ప్రసంగం చేసినాయన మంచి పాయింట్లు చెప్పినాడు. రాసుకున్నావా?” అని అడిగారు. మళ్లీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

రిటైరయ్యాక ఆమె పుంగ్గోల్‌లో కూతురి ఫ్లాట్‌లో ఉండేవారు. అప్పటికి ఆమె నాకు ఆంటీ అయిపోయారు. ఆమె చనిపోయేముందు నేను చివరిసారి వెళ్లినప్పటికి అట్లాంటిక్‌కు రెండు వైపులా సుంకాల గొడవలు, సైన్యం ఖర్చుల వాదనలు ఎన్నో నడిచాయి. “ఇప్పుడు చెప్పండి ఆంటీ, ఆ బంధం తెగినట్టా, నిలిచినట్టా?” అని అడిగాను. లోపలి నుంచి మనవరాలు, “అమ్మమ్మా, నో మోర్ వర్క్ లా,” అని సింగపూర్ ఇంగ్లీషులో కేకేసింది. ఆమె నవ్వారు.

“నాకు తెలీదమ్మా. ముప్పై ఏళ్లు అదే చూసినాను. అయినా తెలీదు.”

ఆ మాట అనడానికి ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. ఇప్పుడు నేను నడిపే విభాగం నుంచి వెళ్లే ప్రతి విశ్లేషణలోనూ, మాకు ఇంకా తెలియనివి ఇవీ అని ఒక పేరా ఉంటుంది. దానికోసమా మేం చందా కట్టేది అని కొందరు అడుగుతుంటారు. తీసేయమని పైనుంచి రెండుసార్లు చెప్పారు. నేను తీయలేదు.